వాహనాల స్టాండు రుసుము : అప్పీలు చేయు విధానము

కొన్ని సంవత్సరాల క్రిందటి మాట. మా బావగారికి మూత్రపిండాల వ్యాధి. ఉద్దానంలో ఈ మాట చెప్పినప్పుడు ఎవరికిని వివరింపవలసిన పని లేదు. కవిటి నుండి వజ్రపుకొత్తూరు వరకు ఈ వ్యాధి పేరు వినని ఊరు లేదు. ఆనాటికి పలాసలో ఇప్పుడున్న 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ఏర్పడలేదు. అవి 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభమైనవి. అంతకు ముందు పెద్ద పరీక్ష ఏది కావలసినను విశాఖపట్నము పోవలసినదే. ఒకనాటి తెల్లవారుజామున నేను ఆయనను మోటారు సైకిలు మీద రైల్వే స్టేషనుకు తీసికొని వెళ్లి, బండిని స్టాండులో పెట్టి, చీటీ తీసికొని రైలెక్కినాను. సాయంకాలానికి తిరిగి రావలసిన వాళ్లము. ఆసుపత్రిలో చేర్చుకొన్నందున నాలుగవ నాటికి గాని తిరిగి రాలేకపోయినాము. ఈ నాలుగు రోజుల హడావిడిలో స్టాండు చీటీ ఎక్కడనో జారిపోయినది.

స్టాండులో ఉన్న కుర్రవాడు నన్ను ఎరుగని వాడు కాదు. అయినను, "నాలుగు రోజులకు ఎనభై, చీటీ పోయినందుకు ఐదొందలు జరిమానా. మొత్తం కట్టి బండి తీయండి మాస్టారూ" అన్నాడు. "ఆ ఐదొందలు ఎక్కడ వ్రాసి ఉన్నది నాయనా?" అని అడిగినాను. గోడమీద బోర్డు ఉన్నది గాని దానిమీద అక్షరాలు వానకు చెరిగిపోయినవి. "ఎక్కడైనా ఇదే రూలు" అన్నాడు. పక్కనే మా బావగారు నిలబడలేక బల్లమీద కూర్చున్నారు. డబ్బు కట్టినాను. రసీదు అడిగితే ఇవ్వలేదు. బండి తీసికొని ఇంటికి వచ్చినాను.

దారి పొడవునా నన్ను బాధించినది ఐదు వందలు కాదు. నెల జీతము తీసికొను నాకు అది కష్టము కాకపోవచ్చును. కాని అదే స్టాండులో బండి పెట్టి ఆసుపత్రికి పోవు జీడిపిక్కల కార్మికురాలికి, నెలల తరబడి పొరుగు రాష్ట్రాలలో పని చేసి ఇల్లు చేరు కూలివానికి ఆ మొత్తము ఒకనాటి కష్టార్జితము. వారు అడుగలేరు, అడిగినను ఏమి అడుగవలెనో తెలియదు. తెలిసిన నేను ఊరకున్నచో తెలియని వారికి దిక్కెవరు? ఈ ఆలోచనతో నేను చేసిన చిన్న ప్రయత్నమును, దాని వలన నేర్చుకొన్న చట్టమును మన విద్యార్థులకు పాఠముగా చెప్పుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

1. మూడు మాటల భేదము

మొదట మూడు మాటలను వేరుచేసి తెలిసికొనవలెను. రుసుము, నష్టపరిహారము, జరిమానా అనునవి మూడును డబ్బే అయినను మూడును ఒకటి కావు.

రుసుము అనగా ఒక సేవకు ఇచ్చు ప్రతిఫలము. నా బండిని నీడలో పెట్టి కాపాడినందుకు రోజునకు ఇంత అని ఇచ్చునది రుసుము. నష్టపరిహారము అనగా ఒప్పందమును ఒకరు తప్పినందువలన రెండవ వారికి కలిగిన నష్టమును పూడ్చుటకు ఇచ్చునది. జరిమానా ఈ రెండింటికిని భిన్నము. మన కళాశాలలో ఉర్దూ చదువు విద్యార్థులు ఈ మాటను వినగానే దాని మూలమును గుర్తింతురు. 'జుర్మ్' అనగా నేరము. నేరమునకు చెల్లించునది జరిమానా. నేరము లేనిచోట జరిమానా లేదు. నేరమును నిర్ణయించుట, జరిమానా విధించుట చట్టము అధికారమిచ్చిన వారి పని. రోడ్డుకు అడ్డముగా, ప్రమాదకరముగా బండి నిలిపినచో 1988 నాటి మోటారు వాహనాల చట్టము క్రింద పోలీసులు చలానా వ్రాయవచ్చును. దానిని ఒప్పుకొనని వారు న్యాయస్థానములో వాదించుకొనవచ్చును. కాని స్టాండు గుత్తేదారు పోలీసు కాడు, మేజిస్ట్రేటు కాడు. అతడు తన చీటీ మీద 'జరిమానా' అని అచ్చు వేసికొన్నంత మాత్రమున అతనికి శిక్షించు అధికారము రాదు. అతడు అడుగగలిగినది రుసుము. ఒప్పందము తప్పినచో తగినంత నష్టపరిహారము. అంతే.

1872 నాటి భారత ఒప్పందాల చట్టము 74వ సెక్షను ఈ విషయమునే చెప్పుచున్నది. ఒప్పందము తప్పినచో ఇంత చెల్లించవలెనని ముందుగా వ్రాసికొన్నను, ఆ మొత్తము మించకుండ న్యాయమైన పరిహారము మాత్రమే రాబట్టుకొనవచ్చును. వ్రాసిన మొత్తము గరిష్ఠ హద్దు మాత్రమే. అది యావత్తు తప్పక రావలసిన బాకీ కాదు. చీటీ పోయినందువలన గుత్తేదారునకు కలిగిన నష్టమెంత? బండి నాదేనని తెలిసికొనుటకు వాహన పత్రము చూచు శ్రమ, ఒక హామీ కాగితము వ్రాయించుకొను శ్రమ. అది ఐదు వందలా?

2. అప్పగించిన సొత్తు

స్టాండులో బండి పెట్టుట వట్టి స్థలము వాడుకొనుట మాత్రమే కాదు. చీటీ చూపినవారికే బండి ఇచ్చెదమని చెప్పి కాపలా పెట్టినచోట అది ఒక అప్పగింత. దీనిని మన ప్రాచీనులు నిక్షేపము అన్నారు. ఉర్దూలో అమానత్ అందురు. మనుస్మృతి లెక్కించిన పదునెనిమిది వ్యవహార పదాలలో రుణము మొదటిది, నిక్షేపము రెండవది. పదమూడవ శతాబ్దిలో కేతన తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయము వంటి గ్రంథాలు మన భాషలో ధర్మశాస్త్రమునకు ఎంత పాత చరిత్ర ఉన్నదో చూపుచున్నవి. రాజు వలన గాని, దైవము వలన గాని, దొంగల వలన గాని సొత్తు పోయినచో దాచినవాడు ఇచ్చుకొననక్కరలేదని యాజ్ఞవల్క్యుడు మినహాయింపు చెప్పినాడు. యజమాని అడిగినప్పుడు ఇవ్వక ఉంచుకొన్న తరువాత పోయినచో ఆ మినహాయింపు చెల్లదు.

నేటి చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసినది. ఒప్పందాల చట్టము 148వ సెక్షను అప్పగింతను నిర్వచించినది. 151వ సెక్షను ప్రకారము అప్పగింత పొందినవాడు సామాన్య వివేకము గలవాడు తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూచుకొనునో అంత జాగ్రత్త చూపవలెను. అంత జాగ్రత్త చూపినచో, వేరు ఒప్పందము లేనప్పుడు, నష్టమునకు అతడు బాధ్యుడు కాడని 152వ సెక్షను.

దాదాపు ప్రతి స్టాండు చీటీ మీదను 'వాహనము యజమాని బాధ్యత మీదనే' అను వాక్యము కనిపించును. ఇది చదివి చాలమంది నోరు మూసికొందురు. ఈ వాక్యపు బలమెంత? దీనికి 2019 నవంబరు 14వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒక మంచి సమాధానము. 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటలుకు వచ్చిన ఒకరు తన మారుతీ కారును, తాళపు చెవిని హోటలు సిబ్బందికి అప్పగించినారు. తిరిగి వచ్చి చూడగా మరియొకరు ఆ కారును తోలుకొనిపోయినట్లు తెలిసినది. కారునకు భీమా ఉన్నందున యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ సంస్థ పరిహారమిచ్చి, హోటలు మీద వ్యాజ్యము వేసినది. చీటీ మీద యజమాని బాధ్యత అని వ్రాసి ఉన్నది గదా అని హోటలు వాదించినది. బండిని అప్పగింతగా స్వీకరించినవాడు తన అజాగ్రత్తకు ముందుగానే క్షమాపణ వ్రాసికొనజాలడనియు, తగిన జాగ్రత్త తీసికొన్నామని చూపవలసిన భారము మొదట అతనిదే ననియు న్యాయస్థానము చెప్పినది.

ఇందులో ఒక జాగ్రత్త కలదు. ఆ కేసులో తాళపు చెవి కూడ ఇచ్చినారు. తాళము మన చేతిలోనే ఉండి, కాపలా లేక, స్థలము మాత్రము వాడుకొన్న చోట అది అప్పగింత అగునా, వట్టి స్థలపు అనుమతి అగునా అను వాదము రావచ్చును. కనుక చీటీ ఇచ్చిరా, చీటీ చూడనిదే బండి బయటకు వదలరా, కాపలాదారు ఉన్నాడా అను సంగతులు గమనించి వ్రాసి పెట్టుకొనవలెను.

3. బండిని పట్టి ఉంచవచ్చునా?

"కట్టు, లేకున్న బండి కదలదు" అనుట స్టాండుల వద్ద సాధారణము. అప్పగించిన వస్తువును బాకీ కొరకు పట్టి ఉంచు హక్కు కొందరికి కలదు. ఒప్పందాల చట్టము 170వ సెక్షను ప్రకారము ఆ వస్తువు మీద శ్రమను గాని, నైపుణ్యమును గాని వెచ్చించినవాడు తన కూలి వచ్చు వరకు దానిని ఉంచుకొనవచ్చును. వజ్రమును సానబట్టినవాడు, బట్టను కోటుగా కుట్టిన దర్జీ అని చట్టమే ఉదాహరణలు ఇచ్చినది. 171వ సెక్షను బ్యాంకులు, హైకోర్టు అటార్నీలు మొదలైన కొందరికి ఇట్టి హక్కును ఇచ్చినది. వట్టిగా నిలువ ఉంచినవాని పేరు ఈ రెండింటిలోను లేదు. కాబట్టి న్యాయమైన రోజు రుసుము చెల్లించుటకు సిద్ధముగా ఉన్నవాని బండిని, వివాదములో ఉన్న అదనపు మొత్తము కొరకు పట్టి ఉంచుటకు గట్టి చట్ట బలము చూపవలసినవాడు గుత్తేదారే.

అయితే చట్టము తెలిసినంత మాత్రమున స్టాండు గేటు వద్ద పోట్లాటకు దిగరాదు. రాత్రివేళ, వెంట రోగి ఉన్నప్పుడు, రైలు దిగి పల్లెకు పోవలసి ఉన్నప్పుడు డబ్బు కట్టి బండి తీసికొనుటయే వివేకము. కట్టునప్పుడు రసీదు వెనుక గాని, మరియొక కాగితము మీద గాని 'అభ్యంతరముతో చెల్లించితిని' అని తేదీ, సమయము వేసి వ్రాసి, సంతకము చేసి, దానిని ఫోనులో ఫోటో తీసికొనవలెను. ఇష్టపడి ఇచ్చినదానికిని, గత్యంతరము లేక ఇచ్చినదానికిని తేడా ఈ ఒక్క వాక్యము వలన నిలిచియుండును.

4. వసూలు చేయు అధికారము ఎవరిది?

చొక్కా మీద బిళ్ల, చేతిలో చీటీల పుస్తకము ఉన్న ప్రతివానికిని వసూలు చేయు హక్కు ఉన్నదనుకొనరాదు. స్థలము ఎవరిదో తెలిసినచో అప్పీలు ఎవరికి చేయవలెనో తెలియును.

రైల్వే స్టేషను ఆవరణ రైల్వేది. పలాస వంటి స్టేషనులలో స్టాండులను రైల్వే డివిజను వాణిజ్య విభాగము టెండర్లు పిలిచి గుత్తకు ఇచ్చును. రేట్లు ఒప్పందములో నిర్ణయింపబడి ఉండును. గుత్తేదారు తన ఇష్టము వచ్చినట్లు పెంచరాదు. ఇక్కడ ఫిర్యాదు స్టేషను మాస్టరు వద్దనున్న ఫిర్యాదుల పుస్తకములో వ్రాయవచ్చును. 139 నంబరునకు ఫోను చేయవచ్చును. డివిజను వాణిజ్య అధికారికి వ్రాయవచ్చును.

బస్సు స్టేషను ఆవరణ ఆర్టీసీది. పలాస, టెక్కలి రెండును డిపోలు గల ఊళ్లు. అచ్చటి స్టాండు గూర్చి డిపో మేనేజరుకు వ్రాయవలెను. సంతలలోను, మార్కెట్లలోను వసూలు చేయు ఆశీళ్లు వేలము పాట ద్వారా గుత్తకు పోవును. అది మునిసిపాలిటీ స్థలమైనచో కమిషనరు, గ్రామ పంచాయతీ స్థలమైనచో కార్యదర్శి సమాధానము చెప్పవలసినవారు. వేలములో గుత్తేదారునకు దక్కినది నిర్ణయించిన రేట్ల ప్రకారము వసూలు చేయు హక్కు మాత్రమే. రేట్లు నిర్ణయించు హక్కు కాదు.

ఇక సొంత స్థలములలోని దుకాణ సముదాయాలు, సినిమా హాళ్లు. మనవారు విశాఖపట్నమునకో, హైదరాబాదునకో పోయినప్పుడు ఇవి ఎదురగును. తెలంగాణ ప్రభుత్వము 2018 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము మాల్సు, మల్టీప్లెక్సులలో మొదటి అరగంట రుసుము లేదు. అరగంట నుండి గంట వరకు అక్కడ కొన్న వస్తువుల బిల్లు చూపినచో రుసుము లేదు. గంట దాటినచో బిల్లు గాని సినిమా టిక్కెట్టు గాని రుసుము కన్న ఎక్కువ మొత్తమునకు ఉన్నచో రుసుము లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కూడ ఈ మార్గములోనే ఉత్తర్వులిచ్చినది. బిల్లును గేటు దాటు వరకు పారవేయరాదని దీని వలన తెలియుచున్నది.

5. అప్పీలు చేయు క్రమము

న్యాయము మన పక్షమున ఉన్నను రుజువు లేనిదే అది పలుకదు. ఈ క్రమమును మనసున ఉంచుకొనవలెను.

మొదటి మెట్టు రుజువుల సేకరణ. చీటీ తీసికొన్న వెంటనే రెండు వైపుల ఫోటో తీయవలెను. నా వలె చీటీ పోగొట్టుకొన్నను ఫోటో మిగిలియుండును. రేట్ల బోర్డు ఫోటో, బోర్డు లేనిచో బోర్డు ఉండవలసిన ఖాళీ గోడ ఫోటో, బండి పెట్టిన సమయము, తీసిన సమయము, చెల్లించిన మొత్తము, ప్రక్కనున్న సాక్షి, రైలు టిక్కెట్టు, ఆసుపత్రి కాగితము వీటిని ఒకచోట చేర్చవలెను. డబ్బు ఫోను ద్వారా చెల్లించినచో ఆ లెక్కయే ఒక రసీదు.

రెండవ మెట్టు వ్రాతమూలకమైన అర్జీ. నోటిమాట గాలిలో కలిసిపోవును. స్థలము ఎవరిదో ఆ అధికారికి అర్జీ వ్రాసి, స్వయముగా ఇచ్చినచో నకలు మీద ముద్ర వేయించుకొని, దూరమైనచో స్పీడుపోస్టులో పంపి రసీదు దాచవలెను.

మూడవ మెట్టు సమాచార హక్కు. ఇది చాలమంది తలంపునకు రాని ఆయుధము. గుత్తేదారు ప్రైవేటు వ్యక్తి అయినను అతనికి గుత్త ఇచ్చినది ప్రభుత్వ సంస్థ గదా! ఆ ఒప్పందము, ఆమోదించిన రేట్ల పట్టిక ఆ సంస్థ వద్ద ఉండును. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద వాటి నకళ్లు అడుగవచ్చును. రైల్వే వంటి కేంద్ర సంస్థలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు. మన రాష్ట్రములో గ్రామ స్థాయి కార్యాలయమునకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజులలో జవాబు రావలెను. రానిచో, వచ్చినది అసంపూర్ణమైనచో 30 రోజుల లోపల అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయవచ్చును.

నాల్గవ మెట్టు వినియోగదారుల రక్షణ. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు నంబరు 1915. అక్కడ పరిష్కారము కానిచో శ్రీకాకుళములోని జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషను కలదు. 2019 నాటి చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము వస్తువు కొన్న చోటనే గాక, ఫిర్యాదుదారు నివసించు చోట గాని, పని చేయు చోట గాని ఫిర్యాదు వేయవచ్చును. విశాఖపట్నములోనో, హైదరాబాదులోనో జరిగిన అన్యాయమునకు మందసలో నివసించువాడు శ్రీకాకుళములో ఫిర్యాదు చేయవచ్చునని అర్థము. సేవకు చెల్లించిన ప్రతిఫలము 5 లక్షల రూపాయల వరకు ఉన్నచో కమిషనుకు రుసుము లేదు. వకీలు లేకుండ స్వయముగా వాదించుకొనవచ్చును. ఘటన జరిగిన 2 సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. జిల్లా కమిషను తీర్పు నచ్చనిచో 45 రోజులలో రాష్ట్ర కమిషనుకు అప్పీలు కలదు. కేసును నోటీసు అందిన 3 నెలలలో తేల్చుటకు ప్రయత్నింపవలెనని చట్టము. ఆచరణలో ఆలస్యము జరుగవచ్చును. స్త్రీలు, షెడ్యూల్డు కులాల, తెగల వారు, కార్మికులు మొదలైనవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించి ఉచితముగా న్యాయ సహాయము పొందవచ్చును.

ఇన్ని మెట్లు ఉన్నవని భయపడనక్కరలేదు. చిన్న వివాదాలు పెక్కింటికి మొదటి రెండు మూడు మెట్లే చాలును. పై మెట్టు ఉన్నదని క్రింది మెట్టు వారికి తెలియుటయే వాటి ప్రయోజనము.

6. విదేశములలో ఉన్న మనవారికి

మన ప్రాంతపు విద్యార్థులు నేడు ఉన్నత విద్య కొరకు ఇంగ్లండుకు కూడ పోవుచున్నారు. అక్కడ ప్రైవేటు పార్కింగు సంస్థల పద్ధతి వేరు. గేటు ఉండదు, చీటీ ఇచ్చు మనిషి ఉండడు. కెమెరా బండి నంబరును పట్టుకొనును. కొన్ని దినములకు ఇంటికి ఉత్తరము వచ్చును. ఆ ఉత్తరము ప్రభుత్వపు జరిమానా వలె కనిపించును గాని అది ఒక ప్రైవేటు సంస్థ ఒప్పందము తప్పినావని పంపిన బిల్లు మాత్రమే.

అట్లని దానిని చింపివేయరాదు. చెమ్స్‌ఫర్డు పట్టణములో రెండు గంటలు ఉచితముగా బండి నిలుపుకొను స్థలము ఒకటి. బ్యారీ బీవిస్ అనునతడు 56 నిమిషములు ఎక్కువగా ఉంచినాడు. పార్కింగ్ ఐ అను సంస్థ 85 పౌన్లు అడిగినది. అది అన్యాయమైన దండనయని అతడు చివరి వరకు పోరాడినాడు. 2015 నవంబరు 4వ తేదీన ఆ దేశపు సుప్రీంకోర్టు సంస్థ పక్షముననే తీర్పు చెప్పినది. బోర్డులు పెద్దవిగా, స్పష్టముగా ఉన్నవి. బండ్లు త్వరగా ఖాళీ అగుటలో సంస్థకు న్యాయమైన ప్రయోజనము ఉన్నది అని కారణములు చూపినది.

ఈ తీర్పు మనకు రెండు పాఠములు చెప్పుచున్నది. ఎక్కువ మొత్తము అనిపించినంత మాత్రమున ప్రతి బిల్లు చెల్లనిది కాదు. బోర్డు ఎంత స్పష్టముగా ఉన్నదన్నదే చాల సందర్భములలో కీలకము. అక్కడ ఇంగ్లండు, వేల్సులలో 2012 నాటి చట్టము ప్రైవేటు స్థలములలో చక్రములకు తాళము వేయుటను నిషేధించినది. దానికి బదులుగా, కొన్ని నియమములకు లోబడి, బండి ఎవరి పేర నమోదైనదో వారి నుండి డబ్బు అడుగు వీలు ఇచ్చినది. ఉత్తరము అందిన పిదప గడువులోపల మొదట సంస్థకే అప్పీలు వ్రాయవలెను. తిరస్కరించినచో సంస్థ ఏ సంఘములో సభ్యురాలో ఆ సంఘపు స్వతంత్ర నిర్ణేతకు అప్పీలు చేయవచ్చును. అందులో పాప్లా అనునది 2012 అక్టోబరు నుండి పనిచేయుచున్నది. బండి యజమానికి దానిలో ఖర్చు లేదు. ఊరు ఏదైనను సూత్రము ఒక్కటే: గడువు మరువరాదు, ఉత్తరమును దాచిపెట్టరాదు, అప్పీలు కాగితము మీద ఉండవలెను.

7. మాదిరి అర్జీ

అర్జీ పొడుగుగా ఉండరాదు. కోపము ఉండరాదు. ఏమి జరిగినది, ఏ నియమమునకు విరుద్ధము, ఏమి కోరుచున్నాము అను మూడు విషయములు చాలును. ఈ క్రింది మాదిరిని గమనింపుడు.

"డివిజను వాణిజ్య అధికారిగారికి. అయ్యా, ఫలానా తేదీన ఉదయము 5 గంటలకు ఫలానా స్టేషను వాహనాల స్టాండులో ఫలానా నంబరు గల నా మోటారు సైకిలును నిలిపితిని. నాల్గవ రోజు రాత్రి 8 గంటలకు తీసికొంటిని. నాలుగు రోజుల రుసుము 80 రూపాయలతో పాటు చీటీ పోయినందుకు 500 రూపాయలు వసూలు చేసిరి. రసీదు ఇవ్వలేదు. రేట్ల బోర్డు చదువుటకు వీలులేని స్థితిలో ఉన్నది. వాహనపు నమోదు పత్రము నా వద్ద ఉన్నను చూడలేదు. నేను వాడుకొన్న దినముల రుసుమును గూర్చి నాకు వివాదము లేదు. ఆమోదించిన రేట్ల పట్టికలో లేని అదనపు మొత్తమును తిరిగి ఇప్పించుటకును, రేట్ల బోర్డును తెలుగులో స్పష్టముగా పెట్టించుటకును కోరుచున్నాను. బోర్డు ఫోటో, రైలు టిక్కెట్ల నకళ్లు జతపరచితిని."

ఇందులో ఒక వాక్యమును మరల చదువుడు. 'నేను వాడుకొన్న దినముల రుసుమును గూర్చి నాకు వివాదము లేదు.' అప్పీలు అనగా ఎగవేత కాదు. ఇవ్వవలసినది ఇచ్చెదనని ముందుగా ఒప్పుకొన్నవాని మాటకు బరువు ఎక్కువ. ఇవ్వనక్కరలేని దానిని మాత్రమే వేలితో చూపవలెను.

నేను వ్రాసిన అర్జీ దాదాపు ఇట్టిదే. మొదట జవాబు రాలేదు. సమాచార హక్కు క్రింద ఒప్పందపు నకలు అడిగినాను. వచ్చిన కాగితములలో చీటీ పోగొట్టుకొన్నవారి వద్ద వాహన పత్రములు చూచి, హామీ వ్రాయించుకొని బండి ఇవ్వవలెనని ఉన్నది. ఐదు వందల మాట ఎక్కడను లేదు. ఆ పేజీ నకలును జతచేసి మరల వ్రాసినాను. మూడు నెలలు గడచిన పిదప ఒకనాడు ఆ కుర్రవాడే ఎదురై, "మాస్టారూ, మా సారు ఇమ్మన్నాడు" అని ఐదు వందలు నా చేతిలో పెట్టినాడు. అతని మీద నాకు కోపము లేదు. దినకూలికి నిలబడినవాడు, యజమాని చెప్పిన మాట చెప్పినాడు. "నీకును ఈ రేట్లు ఎవరైనా చూపినారా నాయనా?" అని అడిగితే లేదన్నాడు. నా వద్దనున్న నకలు అతనికి చూపించినాను. చాలసేపు చదువుకొన్నాడు.

తరువాత మరియొకసారి అదే స్టాండులో బండి పెట్టినాను. గోడమీద క్రొత్త బోర్డు ఉన్నది. తెలుగులో రేట్లు, క్రింద ఫిర్యాదుకు ఫోను నంబరు. ఒక ముసలాయన ఆ బోర్డు ముందు నిలబడి మనుమని చేత చదివించుకొని, చిల్లర లెక్కపెట్టి ఇచ్చుచున్నాడు. ఎవరును గొంతు పెంచలేదు.

విద్యార్థులారా! రసీదు, వసూలు, అర్జీ, ఫిర్యాదు, దావా, వకీలు అను మాటలు ఉర్దూ, పారశీకముల మార్గమున మన తెలుగు ఇండ్లలోనికి వచ్చి మనవే అయిపోయినవి. వాటిలో 'వసూలు' అను మాటను మనము ప్రతిదినము వినుచున్నాము. 'అర్జీ' అను మాటను మరచుచున్నాము. పారశీకములో 'రసీద్' అనగా చేరినది అని అర్థము. మన డబ్బు ఎదుటివానికి చేరినదని చెప్పు కాగితము అది. ఆ కాగితము అడుగుట అమర్యాద కాదు. మీ ఇంటిలో చదువురానివారు, పనికై దూరదేశము పోయి వచ్చువారు, ఆసుపత్రికి పోవువారు ఉందురు. వారి తరపున ఒక పుట అర్జీ వ్రాసి పెట్టుట మీరు నేర్చిన చదువునకు తగిన పని. సెలవులలో ఇంటికి పోయినప్పుడు మీ ఊరి స్టాండు రేట్ల బోర్డు ఒకసారి చదువుడు. బోర్డు లేకున్నచో మొదటి అర్జీ అక్కడి నుండియే మొదలుపెట్టుడు.